మూడేళ్ల ఉలవకట్టు

నా జన్మలో ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చింది ఒక్కసారే. అది కూడా కృతజ్ఞతతో ఇచ్చాను. కృతజ్ఞత అంటే ఏమిటో ఆదివారాలు మానుకుని కూర్చుని నేర్చుకుని, నోట్సు రాసుకుని మరీ ఇచ్చాను. ఏ క్లాసూ వినని రోజుల్లో అంత బుద్ధిలేని పని నేనెప్పుడూ చేయలేదు.

పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఉత్తగా వాపసు చేయకూడదని మా మేడ్చల్‌లో ఎవరూ ఎవరికీ నేర్పరు. అది అందరికీ తెలుసు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెర వేస్తాం, అదీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలు. ఖాళీ గిన్నె పంపామంటే నీకో దండం, నీ కూరకో దండం, ఇక మన మధ్య ఏమీ లేదని చెప్పినట్టే.

మా వెనక గోడకు అవతల ఆపా ఉండేది. యాభై దాటిన మనిషి. కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో కొత్తిమీర, పాలకూర, మెంతికూర పండించేవాళ్లు. ఇంటి పక్కనే నాలుగు బర్రెలు, వాటి కొట్టం. ఇంట్లో కొడుకు, కోడలు. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. గోడ నా ఛాతీ ఎత్తు. దాని మీదుగా ఒక స్టీలు గిన్నె అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. అంచు కింద ఉర్దూలో ఏదో పేరు చెక్కి ఉండేది. ఏడేళ్లు ఆ గిన్నె నేనే తోమాను కాబట్టి ఆ అక్షరాల వంకరలన్నీ నాకు కంఠతా వచ్చు, అర్థం మాత్రం తెలియదు.

2009 వానాకాలంలో నాకు ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేశారు. నాకప్పుడు ముప్పై మూడేళ్లు, పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. ఆస్పత్రి నుంచి ఆటో దిగకముందే మా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎవలన్న అడిగితే రాళ్ల ఆపరేషన్ అని జెప్పు. ఉన్నదున్నట్టు జెప్తే గొడ్రాలని పేరు వెడ్తరు. జాగ్రత్త!" అంది. నేను తలూపాను. ఆమె భయం కొంత, నా సిగ్గు కొంత. కడుపులో రాళ్లు అన్న మాట ఆ సాయంత్రానికే లైనంతా పాకింది. లోపల ఒక పెద్ద గుంట పడినట్టుండేది నాకు. దాని గురించి మా ఆయనతో కూడా మాట్లాడలేదు. ఆయనా నాతో మాట్లాడలేదు.

రాళ్లు అని వినగానే ఆపా చేసిన పని ఉలవలు నానబోయడం. ఉలవలు ఉడికించిన కట్టు తాగితే రాళ్లు కరిగిపోతాయని ఆమె నమ్మకం. ఆమెదే ఏమిటి, మా వైపు అందరి నమ్మకమూ అదే. ఆరు వారాలు నేను మంచం మీద ఉంటే ఆరు వారాలూ గోడ మీదికి ఉలవకట్టు వచ్చింది. నాకా, ఉలవల వాసనంటేనే చిన్నప్పటి నుంచీ పడదు. అవి ఎద్దుల దాణా అని మా నాయినతో పోట్లాడేదాన్ని. అయినా ఏం చేస్తాను, రాళ్లున్నాయని చెప్పుకున్నాక తాగకపోతే ఎట్లా? ముక్కు మూసుకుని తాగాను. గిన్నె తిరిగి పంపే బాధ్యత మా ఆయనది. వంట రాని మనిషి. ఒకరోజు టమాట వేసి ఇచ్చాడు, ఒకరోజు చెంచాడు చక్కెర, ఒకరోజు ఒక ఉల్లిగడ్డ. ఆ ఉల్లిగడ్డ చూసి ఆపా గోడ అవతల పడీపడీ నవ్వడం నాకు మంచం మీదికి వినిపించింది.

నేను లేచి తిరిగాక కూడా ఉలవకట్టు ఆగలేదు. రాళ్లు మళ్లీ పుడతాయట! నెలకు రెండుసార్లు, మూడేళ్లు. "తాగు చెల్లె, ఎనుకకు రావొద్దు మల్ల," అని గోడ మీద పెట్టి వెళ్లేది. లేని రాళ్లను కరిగించుకుంటూ నేను తాగేదాన్ని.

ఇక నన్ను బాగుచేసిన కథకు వస్తాను. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో అడ్మిషన్లు, టీసీలు చూసేదాన్ని. నా నోరు మంచిది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో. నోరు బాగలేని ఊర్లోనే పుట్టాను, ఏం చేయమంటావు అనేదాన్ని. 2012 ఎండాకాలంలో ఒక పిల్లవాడి తండ్రి, నేను ఆయన్ను మనిషిలా చూడలేదని మా కరస్పాండెంట్‌కు ఫిర్యాదు చేశాడు. నిజమే, చూడలేదు. ఒకే జిరాక్సు మూడుసార్లు మర్చిపోయి వచ్చినవాణ్ని ఎలా చూడాలో నాకు తెలియలేదు. దాంతో మా స్టాఫ్ మొత్తాన్ని వ్యక్తిత్వ వికాసం క్లాసులకు పంపారు. నాలుగు ఆదివారాలు, సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో. అందరూ నా వైపు ఎలా చూశారో వేరే చెప్పక్కర్లేదు.

హాల్లో ముందు రోజు పెళ్లి బిర్యానీ వాసన ఇంకా పోలేదు. స్టేజీ మీద ఎర్ర మఖమల్ సోఫా, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునేది, అలాగే ఉంది. మే నెల ఎండలో కోటు వేసుకుని వచ్చిన ట్రైనర్ ఆ సోఫాలో ఒక్కడే కూర్చుని మా జీవితాల గురించి చెప్పాడు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే "అద్భుతం!" అని అరవాలట, రెండు చప్పట్లు కొట్టాలట. అరిచాం, కొట్టాం. కరెంటు పోయింది. చెమటలు కారుతుంటే "ఇప్పుడు ఎలా ఉన్నారు ఫ్రెండ్స్?" అన్నాడు. సిగ్గులేకుండా మళ్లీ అద్భుతం అన్నాం.

రెండో ఆదివారం మనసు విప్పే కార్యక్రమం. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పని బాధ చెప్పుకోండి, కరిగిపోండి అన్నాడు. నాకు మా బస్సుల ఇన్‌చార్జి దొరికాడు. రోజూ డీజిల్ బిల్లుల మీద నాతో కొట్లాడే మనిషికి నా కడుపులో గుంట గురించి చెప్పాలా? చచ్చినా చెప్పను. మా నాయిన సైకిల్ కొనిస్తానని మాటిచ్చి కొనివ్వలేదని చెప్పాను. పచ్చి అబద్ధం. పాపం మా నాయిన కొనిచ్చాడు, దాని మీంచి పడ్డ మచ్చ ఇప్పటికీ నా మోకాలి మీద ఉంది. చిత్రం ఏమిటంటే చెబుతూ చెబుతూ నేనే నమ్మేశాను, వెక్కివెక్కి ఏడ్చాను. బస్సుల ఇన్‌చార్జి కూడా కళ్లు తుడుచుకున్నాడు. ట్రైనర్ పరుగెత్తుకొచ్చి, "చూడండి ఫ్రెండ్స్, మేడం ఎంత ఓపెన్ అయ్యారో!" అని హాలంతా చప్పట్లు కొట్టించాడు. అన్ని చప్పట్లు నాకు జీవితంలో ఎవరూ కొట్టలేదు. అబద్ధానికైతేనేం, హాయిగా ఉంది.

అంతే, నాకు పిచ్చి పట్టుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రోజుకు ఐదు కృతజ్ఞతలు రాయమని డైరీ ఇస్తే నేను పది రాశాను. గాలికి, ఎండకు, బోరు మోటారు కాలిపోనందుకు, మా ఆయన గురక పెట్టనందుకు. ఆఫీసులో కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లందరికీ నవ్వు మొహం పెట్టాను. "గీమెకేమైందిరా, టీసీ ఇయ్యమంటె ఊకె నవ్వుతాంది," అని ఒకాయన పక్కవాడితో అనడం విన్నాను. వాళ్లను కూడా డైరీలో రాసుకున్నాను, నా ఓర్పును పరీక్షించినందుకు ధన్యవాదాలని.

మూడో ఆదివారం హోంవర్కు వచ్చింది. పైవారం హాల్లో పెళ్లి ఉందని ఆఖరి క్లాసు పదిహేను రోజులకు పెట్టారు. మీ జీవితంలో మీరు ఎవరికి ఎక్కువ రుణపడి ఉన్నారో వాళ్లకు ఉత్తరం రాసి ఇవ్వండి అన్నాడు. మనసులో ఉన్నదంతా విప్పి రాయాలి. "వస్తువులు మాత్రం ఇవ్వకండి. పండో స్వీటో పెట్టి ఇస్తే అది బేరం అయిపోతుంది. ఒట్టి మాట ఇవ్వండి," అన్నాడు. దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఎవరికి రాయాలో ఆలోచించక్కర్లేకపోయింది. ఆపా వాళ్లు దున్నే పొలాన్ని ఆసామి ఆ వేసవిలోనే వెంచర్ వాళ్లకు అమ్మేశాడు. కొత్తిమీర మళ్ల మధ్యలో సున్నం పూసిన హద్దురాళ్లు పాతారు. నెలాఖరుకు వాళ్లు ఇల్లూ కొట్టమూ ఖాళీ చేసి షామీర్‌పేట అవతల ఆపా తమ్ముడి ఊరికి వెళ్లిపోవాలి. ఆమె వెళ్లేలోపు నేను చెప్పాల్సింది చెప్పెయ్యాలి. మూడేళ్లుగా నేను ఆమెకు అబద్ధం తాగిస్తున్నానో, ఆమె నాకు ఉలవకట్టు తాగిస్తోందో తెలియని బతుకు నాది. ఆ ఒక్క మనిషి దగ్గరైనా నిజం చెప్పుకోవాలని నాకు నిజంగానే ఉంది. అందులో మాత్రం నాటకం లేదు.

రెండు పేజీలు రాశాను. గౌరవనీయులైన ఆపా గారికి అని మొదలుపెట్టి, చిత్తు ప్రతి వేసి, తిరగరాసి, నా ఆపరేషన్ ఏమిటో అందులో రాసి, చక్కగా మడిచాను. ఆమె గిన్నె నా దగ్గరే ఉంది. చింతపండుతో తోమాను, తళతళలాడింది. ఉత్తరం అందులో పెట్టి మూత వేశాను. చెయ్యి అలవాటు కొద్దీ చక్కెర డబ్బా వైపు పోయింది. ఛీ, బేరం అయిపోతుందని వెనక్కి తీసుకున్నాను. గోడ మీదుగా ఇస్తే ఆపా అందుకుని మూత తీసి చూసింది. నా మొహం చూసింది. గిన్నెతో లోపలికి వెళ్లిపోయింది. కదిలిపోయింది పాపం అనుకున్నాను.

మర్నాడు గిన్నె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గోడ దగ్గర నేను దగ్గితే ఆమె బర్రెల వైపు తిరిగేది. నాలుగు రోజులు చూశాను, ఐదు చూశాను, ఇక నా పాత బుద్ధి మేలుకుంది. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది! మనసు విప్పి రెండు పేజీలు రాసిస్తే ఒక్క మాట లేదే, ఏమనుకుంటుంది ఈమె? ఆ వారమంతా డైరీలో, కృతజ్ఞత తెలియని మనుషులను భరించే శక్తి నాకు ఇచ్చినందుకు ధన్యవాదాలు అని రాశాను. వరుసగా రాశాను. ఆ డైరీ ఇప్పుడు తెరిస్తే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వారం గడిచాక బుధవారం నాడు మా ఆయన కొత్తిమీర కోసం ఆపా వాళ్లింటికి వెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు.

"ఏమే, ఆమెకు ఖాళీ గిన్నె ఇచ్చినవట?" అన్నాడు.

"ఖాళీ ఎందుకైతది? ఉత్తరం వెట్టిన," అన్నాను.

"ఉత్తరం తింటరానే? ఆమెకు తెలుగు సదువ రాదు. మసీదు కాడ చిన్నప్పుడు ఉర్దూ ఒక్కటే నేర్సుకున్నదట. నేను సుత ఏనాడు ఖాళీ గిన్నె ఇయ్యలే. ఉల్లిగడ్డన్న వెట్టిన!"

ఏడేళ్లు ఆ గిన్నె తోమాను. ఆ ఉర్దూ అక్షరాలు నా వేళ్లకు తెలుసు. ఆమెకు తెలుగు చదవడం వచ్చా రాదా అని ఒక్కనాడూ అడగలేదు. నా కృతజ్ఞత అంతా డైరీలోనే ఉండిపోయింది.

వెంటనే చెప్పులేసుకున్నాను. ఉత్త చేతులతో పోవద్దని చేతికందిన రెండు ఉల్లిగడ్డలు కొంగులో వేసుకుని, గోడ చుట్టూ తిరిగి వాళ్లింటికి వెళ్లాను. సాయంత్రం నాలుగు. ఆపా కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని మెంతికూర కట్టలు కడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది గానీ నవ్వలేదు.

"ఏం గలతీ జేశ్న చెల్లె నేను?" అంది. "బర్ల వాసనొస్తాందని మీ లైనోళ్లు ఎన్నడో లొల్లి వెట్టిరి. గిప్పుడు అందరు గలిసి కంప్లైంటు రాశిండ్రేమో, నీతోని పంపిండ్రేమో అనుకున్న. ఎట్లన్న పోయెటోళ్లమే గద మేము. నాలుగు దినాలు ఆగకపోతిరి!"

ఆ నెలంతా వాళ్లింటికి కాగితం వచ్చిందంటే చెడ్డదే. సర్వే కాగితం, పొలం ఖాళీ చేయాలన్న కాగితం. ఇప్పుడు నా కాగితం.

"కోడలికి తెలుగు వస్తది గదా ఆపా, సదివియ్యకపోయినవా?" అన్నాను.

"ఎట్ల సదివిస్త? మంచి మాటైతే నోటితోని జెప్తవ్. కాయితం మీద రాశినవంటె చెడ్డదే ఉంటది. అది సదివినంక నా కోడలు నీ మొకం సూస్తదా మల్ల? నువ్వు నా చెల్లెవు. అందుకే ఎవలకు సూపియ్యలె." లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలో నుంచి తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. మడత మడతలాగే ఉంది.

తనను తిట్టానేమో అనుకున్న కాగితాన్ని, నా పరువు పోకూడదని దాచింది. మా అత్త దాచిపెట్టమన్న సంగతి కూడా అందులోనే ఉంది.

"మంచిదే రాసిన ఆపా. సదువుత, ఇను," అని మొదలుపెట్టాను. "గౌరవనీయులైన ఆపా గారికి. నా జీవన మార్గంలో మీరు వెలిగించిన కరుణా దీపం..."

"ఎవలకు రాశినవ్ గిది?" అంది ఆపా.

"నీకే."

"నాకా? దీపమేంది?"

బర్రె ఒకటి తల విదిలించింది. నేను దీపం వదిలేసి కింది లైనుకు వెళ్లాను. గర్భసంచి తొలగింపబడిన ఆ చీకటి దినములలో అని రాసి ఉంది. ఎంత ప్రయత్నించినా ఆ వాక్యం నా నోట పలకలేదు. కాగితం మడిచేశాను.

"నావి రాళ్లు కావు ఆపా," అన్నాను. "గర్భసంచి తీసేసిండ్రు. ఇగ నాకు పిల్లలు పుట్టరు. ఎవలకు జెప్పలే."

ఆపా చేతిలో మెంతికూర అలాగే ఉండిపోయింది. కరుణా దీపం వెలుగుతుందేమో, కౌగిలించుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. క్లాసులో అందరూ అలాగే చేశారు మరి. ఆపాకు కోపం వచ్చింది.

"మూడేండ్లు!" అంది. "మూడేండ్ల సంది ఉలవలు ఉడకవెడ్తున్న గదే! నానవోసుడు, ఉడకవెట్టుడు, వడవోసుడు! నువ్వు మొకం వంకర వెట్టుకుంట తాగుడు! నీకు నోరు లేదా? ఆఫీసుల అంత మందిని గదుముతవట, నాకొక్క మాట జెప్పనీకి నోరు రాలేదా?"

"తిట్టు ఆపా," అన్నాను. "ముందే జెప్తే ఉలవల బాధ తప్పుతుండె నీకు. వేరేదేమన్న వండి పంపుతుంటివి."

"ఏం పంపకపోతుంటి," అంది. గొంతు తగ్గింది. "కడుపుల రాళ్లున్నోళ్లకు కట్టు పంపుతం. గిట్లైనోళ్లకు గిన్నె పంపి ఊకుంటరా? నేనే వచ్చి నీ పక్కన కూసుంటుంటి."

అప్పుడు ఏడ్చాను. సైకిల్ కోసం ఏడ్చినట్టు కాదు. ముక్కు కారింది, ఎక్కిళ్లు వచ్చాయి, చప్పట్లు ఎవరూ కొట్టలేదు. మెంతికూర మట్టి అంటిన చేత్తో ఆమె నా వీపు రాస్తూ, "రో లే, రో లే," అంది. ఏడ్చుకో, ఏడ్చుకో అని. అప్పటివరకు ఏడవకు అన్నవాళ్లే గానీ ఏడవమన్నవాళ్లు నాకు లేరు.

వాళ్లు ఖాళీ చేసేది ఆదివారం. గురువారం పొద్దున్నే ఆపా మా ఇంటికి వచ్చింది. ఏడేళ్లలో గోడ దాటి మా గడప లోపలికి రావడం అదే మొదటిసారి. నేను రమ్మంటే కదా! చేతిలో గిన్నె లేదు. చేతులూపుకుంటూ వచ్చి నా మంచం మీద కూర్చుంది. శుక్రవారం వచ్చింది, శనివారం వచ్చింది. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. పెద్దగా మాట్లాడుకున్నది కూడా లేదు. ఒకసారి, పిల్ల పుడితే ఏం పేరు పెడదామనుకున్నావు అని అడిగింది. చెప్పాను. ఆ పేరు నేను బయటికి అనడం అదే మొదలు.

ఆదివారం సుచిత్రలో ఆఖరి క్లాసు. సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. అందరూ తప్పనిసరిగా రావాలని కరస్పాండెంట్ ఆర్డరు. ఎవరి ఉత్తరం ఏం సాధించిందో స్టేజీ మీద చెప్పాలి. పొద్దుటి నుంచీ బస్సుల ఇన్‌చార్జి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ నా దగ్గర లేదు. కాబట్టి నేను ఇంకా బాగుపడలేదనే లెక్క.

వెనక లారీలోకి సామాన్లు ఎక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. బర్రెలను ముందురోజే తోలుకుపోయారు. ఆపా నా మంచం మీద, నా పక్కన, ఇంకా కదలకుండా కూర్చుని ఉంది. కొడుకు మూడుసార్లు వచ్చి పిలిచాడు. మూడోసారి గుమ్మంలోనే నిలబడి విసుక్కున్నాడు.

"అమ్మీ, జల్దీ ఆవ్. లారీవాలా చిల్లారై."

"అరుస్తె అరవనీ," అంది ఆపా. "ఆగు జెర. చెల్లెకు ఆపరేషన్ అయ్యింది. కూసున్న."

అతను అయోమయంగా నన్ను చూశాడు, తల్లిని చూశాడు. "చిన్నమ్మకు ఆపరేషన్ అయ్యి మూడేండ్లాయె గదమ్మీ!"

"నాకు మొన్ననే తెల్సింది," అంది ఆపా, నా చెయ్యి వదలకుండానే.